ముగ్గురు వెళ్తే ఫిరాయింపు, పన్నెండుమంది వెళ్తే విలీనం: ఈ లెక్క ఎవరైనా వివరంగా చెప్తారా?

సివిల్స్ అభ్యర్థి:

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా కోచింగ్‌లో మాక్ ఇంటర్వ్యూ జరిగింది. బోర్డులో ఉన్న ఒక సార్ "పార్టీలో చీలిక వర్గానికి చట్టంలో ఉన్న స్థానం ఏమిటి?" అని అడిగారు. నేను తడుముకోకుండా "మూడో వంతు ఎమ్మెల్యేలు కలిసి బయటికి వస్తే చీలికగా గుర్తిస్తారు, అనర్హత వేటు పడదు" అని చెప్పేశాను. మా మామయ్య రాజకీయాలు బాగా ఫాలో అవుతారు, ఇంట్లో ఎప్పుడు ఈ మాట వచ్చినా అలాగే అంటారు. సార్ తల అడ్డంగా ఊపి, "ఆ రూలు పోయి ఇరవై ఏళ్లు దాటిందమ్మా" అన్నారు. వెంటనే ఇంకో ప్రశ్న వేశారు: "మరి 2022లో మహారాష్ట్రలో జరిగింది ఏమిటి? చీలికా, విలీనమా, ఫిరాయింపా?" నాకు నోట మాట రాలేదు.

ఇంటికొచ్చి పదో షెడ్యూల్ (రాజ్యాంగంలో ఫిరాయింపుల నిరోధక చట్టం ఉన్న భాగం) మొత్తం మళ్లీ చదివాను. పేరాలు అర్థమవుతున్నాయి. అవి సభలో ఎలా పనిచేస్తాయో మాత్రం అర్థం కావడం లేదు. చీలికకు చోటే లేకపోతే ఇన్ని పార్టీలు ఎలా చీలుతున్నాయి? ఒక్కడు వెళ్తే తప్పయిన పని పన్నెండుమంది వెళ్తే ఒప్పు ఎలా అవుతుంది?

ఇంకొక సందేహం. రెండు పార్టీలు ముఖ్యమంత్రి పదవిని సగం సగం పంచుకుంటామని ఒప్పందం చేసుకుంటాయి కదా. ఒకరు మాట తప్పితే రెండోవాళ్లు కోర్టుకు వెళ్లొచ్చా? దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. నిజంగా టెన్షన్‌గా ఉంది, అసలు ఇంటర్వ్యూకి ఎక్కువ రోజులు లేవు.

పాత రిపోర్టర్:

అమ్మా, మీ మామయ్యని తప్పు పట్టకు. ఆయన చెప్పింది ఒకప్పుడు అక్షరాలా నిజం. నేను అసెంబ్లీ బీట్‌లో పాతికేళ్లకు పైగా పనిచేశాను. అందులో మొదటి తొమ్మిదేళ్లు ఆ మూడో వంతు రూలు ఉన్న రోజులే.

అసలు చట్టం ఎందుకు కావాల్సి వచ్చిందో మన తెలుగువాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1967లో హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు, "ఆయారాం గయారాం" అనే మాట అక్కడే పుట్టింది. మన దగ్గర 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ని దించేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. ఆయన వెంట ఎంతమంది ఉన్నారో సభలో ముందుగా లెక్కపెట్టనేలేదు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలని కర్ణాటకలో క్యాంపులో ఉంచి కాపాడుకుని, సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 16న తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు. 1985 జనవరిలో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ సవరణ తెచ్చింది, మార్చి 1 నుంచి పదో షెడ్యూల్ అమలైంది.

ఆ షెడ్యూల్లోనే రెండు తలుపులు తెరిచి ఉంచారు. శాసనసభాపక్షంలో, అంటే సభలో ఒక పార్టీకి ఉన్న ఎమ్మెల్యేల్లో, మూడో వంతు మంది విడిగా వస్తే అది చీలిక. మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుని ఇంకో పార్టీలో కలిస్తే అది విలీనం. రెండిట్లోనూ వేటు పడదు. చట్టం రాసినవాళ్ల ఆలోచన ఏమిటంటే, ఒక్కడు వెళ్తే డబ్బుకో పదవికో వెళ్లినట్టు, చాలామంది కలిసి వెళ్తే సిద్ధాంతంలో తేడా వచ్చి వెళ్లినట్టు. నాకు ఆ ఆలోచన మీద ఎప్పుడూ నమ్మకం కుదరలేదు. ఎందుకో చెప్తాను.

1995 ఆగస్టులో నేను బీట్‌కి కొత్త. హైదరాబాద్‌లో వైస్రాయ్ హోటల్ బయట మా రిపోర్టర్లందరం రాత్రిళ్లు నిలబడేవాళ్లం. లోపల ఎంతమంది ఉన్నారన్నదే అప్పుడు రాష్ట్రం మొత్తానికి ఉన్న ప్రశ్న. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన నిలువుగా ఒక గీత గీసుకున్నాను. ఎడమపక్క ఎన్టీఆర్ వైపు ఉన్నవాళ్ల పేర్లు, కుడిపక్క చంద్రబాబు వైపు ఉన్నవాళ్ల పేర్లు. తెల్లవారుజామున టీ తాగుతూ చూసుకుంటే కొన్ని పేర్లు రెండు పక్కలా ఉన్నాయి. వాళ్లు సాయంత్రం ఒకచోట కనబడ్డారు, రాత్రి ఇంకోచోట కనబడ్డారు. వాళ్లకి ఆ పన్నెండు గంటల్లో సిద్ధాంతం మారి ఉండదు కదా. ఏ పక్క సంఖ్య పెరుగుతోందో చూసుకున్నారు, అంతే. ముందు ఏడాది డిసెంబర్‌లో 216 సీట్లతో గెలిచిన పార్టీ అది. సెప్టెంబర్ 1న చంద్రబాబు ప్రమాణం చేసేసరికి ఆ వర్గం మూడో వంతు గీత ఎప్పుడో దాటేసింది.

తర్వాత రెండేళ్లకి ఉత్తరప్రదేశ్‌లో ఆ తలుపు ఎంత వెడల్పో దేశం మొత్తం చూసింది. బీఎస్పీ మద్దతు తీసేశాక, అందులోంచి ఒక ముక్క, కాంగ్రెస్‌లోంచి ఇంకో ముక్క చీలి వచ్చి బీజేపీ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ ప్రభుత్వాన్ని నిలబెట్టాయి. వచ్చినవాళ్లని కూర్చోబెట్టడానికి మంత్రివర్గం 93 మందికి చేరింది. అందుకే 2003లో 91వ సవరణ ఒకేసారి రెండు పనులు చేసింది. మూడో వంతు చీలిక రూలు తీసేసింది, మంత్రుల సంఖ్య సభలో 15 శాతం దాటకూడదని గీత గీసింది. ఇక్కడితో మీ మామయ్య మాట చెల్లకుండా పోయింది.

విలీనం తలుపు మాత్రం అలాగే ఉంది. దాని లెక్క ఎలా నడుస్తుందో కాగితం మీద వేసి చూడు, నీకే తెలుస్తుంది. 2018లో తెలంగాణలో కాంగ్రెస్‌కి 19 మంది ఎమ్మెల్యేలు గెలిచారు. 19లో మూడింట రెండు వంతులంటే 12.67, అంటే 13 మంది కావాలి. ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్గొండ నుంచి లోక్‌సభకు గెలిచి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. మిగిలింది 18. అందులో మూడింట రెండు వంతులు సరిగ్గా 12. 2019 జూన్ 6న పన్నెండుమంది సంతకాలతో శాసనసభాపక్షం టీఆర్ఎస్‌లో విలీనమైపోయింది. అదే ఏడాది జూలైలో గోవాలో కాంగ్రెస్‌కి 15 మంది, బీజేపీలోకి వెళ్లింది 10 మంది. మళ్లీ 2022లో గోవాలోనే 11 మంది, వెళ్లింది 8 మంది. మూడుసార్లూ కావలసిన సంఖ్యకి ఒక్కరు ఎక్కువ లేరు, ఒక్కరు తక్కువ లేరు. సిద్ధాంతం కోసం వెళ్లేవాళ్లు ఇంత కొలతగా రారమ్మా.

హైకోర్టు అడ్వకేట్:

రిపోర్టర్ గారు సంఖ్య సంగతి చాలా బాగా చెప్పారు. నేను కాలం సంగతి కలుపుతాను. కోర్టులో ఈ కేసులు చూసిన అనుభవంతో చెప్తున్నాను, పదో షెడ్యూల్లో అసలు చిక్కు ఆరో పేరాలో ఉంది. అనర్హత పిటిషన్ మీద నిర్ణయం తీసుకునేది స్పీకర్. ఎన్ని రోజుల్లో తీసుకోవాలో అక్కడ రాయలేదు.

మేడమ్, మీరు కిహోటో హోల్లోహన్ కేసు చదివే ఉంటారు, 1992. స్పీకర్ ఈ పని చేసేటప్పుడు ట్రిబ్యునల్ లాంటివాడు, ఆయన నిర్ణయాన్ని కోర్టులు సమీక్షించవచ్చు అని సుప్రీంకోర్టు చెప్పింది. నిర్ణయం వచ్చాకే సమీక్ష. నిర్ణయమే రాకపోతే? 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వైసీపీ తరఫున గెలిచిన 67 మందిలో 23 మంది టీడీపీ వైపు వెళ్లారు. విలీనానికి 45 మంది కావాలి, అది లేదు. చీలిక రూలు అప్పటికే పోయింది. అయినా వాళ్లలో నలుగురు 2017లో మంత్రులు కూడా అయ్యారు, సభ కాలం ముగిసేదాకా వేటు పడలేదు.

రాజేంద్ర సింగ్ రాణా కేసు తప్పకుండా చదవండి, మీ ఇంటర్వ్యూకి పనికొస్తుంది. 2003 ఆగస్టు చివర ఉత్తరప్రదేశ్‌లో 13 మంది బీఎస్పీ ఎమ్మెల్యేలు గవర్నర్‌ని కలిసి ములాయం సింగ్‌కి మద్దతు చెప్పారు. తర్వాత కొద్దిరోజులకి 37 మంది అయ్యామని, ఇది చీలిక అని స్పీకర్ దగ్గరికి వెళ్లారు, అప్పటికి ఆ రూలు ఇంకా ఉంది. స్పీకర్ ఒప్పుకున్నారు. సుప్రీంకోర్టు 2007 ఫిబ్రవరిలో ఆ పదమూడుమందినీ అనర్హులని తేల్చింది. గవర్నర్‌ని కలిసిన రోజునే తప్పు జరిగిపోయింది, తర్వాత మంది పెరిగినంత మాత్రాన అది చెరిగిపోదు అన్నది ఆ తీర్పు సారం. న్యాయం సరిగ్గానే చెప్పింది, కానీ అప్పటికి సభ గడువు ముగింపుకి వచ్చేసింది.

2020లో మణిపూర్ కేసులో, మామూలుగా అయితే మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ కాంగ్రెస్ టికెట్ మీద గెలిచి బీజేపీ ప్రభుత్వంలో మంత్రి అయిన ఒకాయన్ని చివరికి కోర్టే నేరుగా తప్పించాల్సి వచ్చింది. తెలంగాణలో బీఆర్ఎస్ నుంచి వెళ్లిన పదిమంది ఎమ్మెల్యేల విషయంలో కూడా 2025 జూలై 31న స్పీకర్‌కి మూడు నెలల గడువే పెట్టింది.

ఇక మహారాష్ట్ర. అక్కడ శివసేన ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే మీద తిరగబడి, ఆ పార్టీ ఎమ్మెల్యేల్లో ఎక్కువమందితో బయటికొచ్చిన ఏక్‌నాథ్ షిండే వర్గం "మేం చీలాం" అనలేదు, "మేమే అసలు శివసేన" అంది. తేడా అంతా ఇందులోనే ఉంది. చీలిక అంటే చట్టంలో రక్షణ లేదు, విలీనం అంటే ఇంకో పార్టీలో కలవాలి. ఈ రెండూ కాకుండా పార్టీ పేరునే సొంతం చేసుకుంటే ఫిరాయించినవాళ్లు అవతలివాళ్లవుతారు. 2023 ఫిబ్రవరిలో ఎన్నికల సంఘం పేరు, విల్లంబుల గుర్తు షిండే వర్గానికి ఇచ్చింది. అదే ఏడాది మే 11న రాజ్యాంగ ధర్మాసనం ఏం చెప్పిందంటే, విప్‌ని (సభలో ఎలా ఓటెయ్యాలో పార్టీ తరఫున ఆదేశం ఇచ్చే సభ్యుణ్ని) నియమించే హక్కు రాజకీయ పార్టీదే కానీ శాసనసభాపక్షానిది కాదు. గవర్నర్ బలపరీక్ష పెట్టమనడం సరికాదని కూడా అంది. కానీ ఉద్ధవ్ ఠాక్రే బలపరీక్షకు ముందే రాజీనామా చేశారు కాబట్టి ఆయన్ని తిరిగి కూర్చోబెట్టలేమంది. 2024 జనవరి 10న స్పీకర్ షిండే వర్గమే అసలు పార్టీ అని తేల్చి, రెండు పక్కలా ఎవరినీ అనర్హులని ప్రకటించలేదు.

సివిల్స్ అభ్యర్థి:

సార్ ఇద్దరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. "మేమే అసలు పార్టీ" అన్న మాట దగ్గర నాకు లైటు వెలిగింది, ఇన్నాళ్లూ దాన్ని చీలిక కిందే చదువుతున్నాను.

రిపోర్టర్ సార్, రెండో ప్రశ్న మిగిలిపోయింది. పదవీకాలం పంచుకునే ఒప్పందాలు. వాటిలో ఒక్కటైనా సజావుగా నడిచిందా?

పాత రిపోర్టర్:

నడిచిందమ్మా, జమ్మూ కశ్మీర్‌లో. ముందు నడవనివి చెప్తే అది ఎందుకు నడిచిందో అర్థమవుతుంది.

ఉత్తరప్రదేశ్‌లో 1997లో బీజేపీ, బీఎస్పీ ఆరేసి నెలలు అనుకున్నాయి. మార్చి 21న మాయావతి కూర్చున్నారు, సెప్టెంబర్ 21న కల్యాణ్ సింగ్‌కి అప్పగించారు. నెల తిరక్కుండా అక్టోబర్‌లో బీఎస్పీ మద్దతు తీసేసింది. ఆ తర్వాతే చీలికలు, 93 మంది మంత్రులు. అక్కడితో ఆగలేదు. 1998 ఫిబ్రవరి 21న గవర్నర్ కల్యాణ్ సింగ్‌ని తప్పించి జగదంబికా పాల్‌తో ప్రమాణం చేయించారు, హైకోర్టు వెంటనే దాన్ని కొట్టేసింది. చివరికి సుప్రీంకోర్టు ఇద్దరినీ ఒకే సభలో పెట్టి ఓట్లు లెక్కించమంది. కల్యాణ్‌కి 225, పాల్‌కి 196.

కర్ణాటకలో 2006లో ఒప్పందం 20 నెలలు, 20 నెలలు. కుమారస్వామి జేడీఎస్ ఎమ్మెల్యేలని వెంటేసుకుని కాంగ్రెస్ ముఖ్యమంత్రి ధరంసింగ్ ప్రభుత్వం నుంచి బయటికొచ్చి బీజేపీతో కలిశారు. ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. తన 20 నెలలు పూర్తయ్యాక 2007 అక్టోబర్‌లో పదవి అప్పగించలేదు, రాష్ట్రపతి పాలన వచ్చింది. మళ్లీ రాజీ పడి నవంబర్ 12న బీజేపీ నుంచి యడియూరప్ప ప్రమాణం చేశారు. జేడీఎస్ మద్దతు ఇవ్వకపోవడంతో వారానికే, 19న దిగిపోయారు. అప్పుడు మా డెస్క్‌లో యడియూరప్ప ఫొటో ఒకటి చాలాసేపు చూశాను, ఆ ఏడు రోజుల్లో తీసిందే. ముఖంలో గెలిచిన కళ లేదు, లెక్కలు వేసుకుంటున్న మనిషి ముఖం అది.

ఇక జమ్మూ కశ్మీర్. 2002లో పీడీపీకి 16, కాంగ్రెస్‌కి 20. అప్పట్లో అక్కడ సభ కాలం ఆరేళ్లు, చెరి మూడేళ్లు అనుకున్నారు. ముఫ్తీ మహమ్మద్ సయీద్ 2002 నవంబర్ 2న కూర్చుని 2005 నవంబర్ 2న, అదే తేదీన గులాం నబీ ఆజాద్‌కి అప్పగించారు. 2008లో అమర్‌నాథ్ భూముల గొడవలో పీడీపీ మద్దతు తీసేసిన మాట నిజమే, కానీ అప్పటికి గడువు చివరికి వచ్చేశారు. పదవి చేతులు మారడం మాత్రం చెప్పిన రోజున జరిగింది.

ఈ మూడింట్లో నేను గమనించింది ఒకటి చెప్తాను. మూడుచోట్లా మొదటి వంతు తీసుకుంది చిన్న పార్టీ. బీఎస్పీ 67 మంది, బీజేపీ 174. జేడీఎస్ 58, బీజేపీ 79. పీడీపీ 16, కాంగ్రెస్ 20. రెండో వంతు అంటే ఉత్త మాట. మొదట పెద్ద పార్టీ కూర్చుంటే ఆ కాలంలో చిన్న పార్టీ ఎమ్మెల్యేలని లాగేసుకుని మాటకి విలువ లేకుండా చేస్తుందన్న భయం. అందుకని చిన్నవాళ్లు ముందు చేతికొచ్చింది పట్టుకుంటారు. కానీ తమ వంతు అయిపోయాక వాళ్లకి ఆ ప్రభుత్వంలో మిగిలేది తక్కువ, అందుకే కూలుస్తారు. కశ్మీర్‌లో ఎందుకు కూలలేదంటే, పీడీపీకి వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఎదురుగా ఉన్నది 28 మందితో నేషనల్ కాన్ఫరెన్స్, వాళ్ల బద్ధ ప్రత్యర్థి. వెళ్లే దారి లేనప్పుడే మాట నిలబడింది.

కోర్టుకి వెళ్లొచ్చా అన్నావు. వెళ్లినా ప్రయోజనం లేదు. ముఖ్యమంత్రి ఎవరు కావాలన్నది సభలో మెజారిటీ చెప్పాలి, రెండు పార్టీల మధ్య కాగితం చెప్పలేదు. 1994 బొమ్మై తీర్పు నుంచి ఆ సంగతి తేలిపోయింది, బలం తేలాల్సింది సభలోనే. 2019లో మహారాష్ట్రలో అయితే కాగితం కూడా లేదు. ముఖ్యమంత్రి పదవి చెరి సగం ఇస్తామన్నారని శివసేన, అలా అనలేదని బీజేపీ. 105, 56 సీట్లు తెచ్చుకుని కలిసి హాయిగా నడపాల్సిన రెండు పార్టీలు ఆ ఒక్క మాట మీద విడిపోయాయి. మూడేళ్ల తర్వాత జరిగిన షిండే వ్యవహారానికి విత్తనం అక్కడే పడింది.

ఒక ఓటరు:

నేను చదువుకున్న చట్టాలేవీ లేవు, ఒక పార్టీకి బూత్ స్థాయిలో పనిచేసినవాణ్ని. పైన అందరూ ఎమ్మెల్యేల లెక్క చెప్పారు, మా లెక్క కూడా ఒకటి ఉంది.

మా ఎమ్మెల్యే కోసం నేను నలభై రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మా ప్రహరీ గోడ మీద ఆయన పేరు, పార్టీ గుర్తు నా డబ్బులతోనే రాయించాను. గెలిచిన ఏడాదిన్నరకి ఆయన ముఖ్యమంత్రి ఇంటికెళ్లి కండువా కప్పించుకున్నారు. విలేకరులు అడిగితే నియోజకవర్గ అభివృద్ధి కోసం కలిశానన్నారు. మర్నాడు పొద్దున పాలు పోయించుకోవడానికి వెళ్తే పక్కింటి పెద్దావిడ అడిగింది, "ఏం నాయనా, మమ్మల్ని ఏ గుర్తుకి వెయ్యమన్నావు, ఆయన ఎక్కడున్నాడు?" అని. నాకు సమాధానం లేదు. ఆవిడ నా మొహం చూసి ఓటేసింది, ఆయన మొహం చూసి కాదు.

ఆ గోడ రాత మీద సున్నం కొట్టించమని ఇంట్లో అందరూ అన్నారు. నేను కొట్టించలేదు. వానలకి పేరు చెరిగిపోయింది, గుర్తు ఇంకా కనిపిస్తోంది.

పొలిటికల్ సైన్స్ లెక్చరర్:

ఓటరు గారి బాధ అర్థమైంది. అయినా ఒక మాట చెప్పాలి, ఇక్కడ అందరూ చట్టం ఇంకా గట్టిపడాలనే దిక్కులో వెళ్తున్నారు. పదో షెడ్యూల్ వల్ల నష్టం కూడా ఉంది. ఇలాగే ఓటెయ్యాలని పార్టీ ఆదేశం, అంటే విప్, వచ్చిందంటే బిల్లు ఏదైనా ఎమ్మెల్యే చెయ్యి ఎత్తాల్సిందే. తన జిల్లాకి అన్యాయం జరుగుతోందని తెలిసినా వ్యతిరేకంగా ఓటేస్తే పదవి పోతుంది. పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే తప్ప. నాయకుడితో విభేదించే దారి లోపల లేనప్పుడే వర్గాలు బయటికి వెళ్తాయి.

1990లో దినేశ్ గోస్వామి కమిటీ ఈ సంగతే చెప్పింది. పార్టీని స్వచ్ఛందంగా వదిలేసినా, విశ్వాస తీర్మానం లాంటి వాటిలో విప్ ధిక్కరించినా మాత్రమే అనర్హత ఉండాలని, మిగతా ఓటింగులో స్వేచ్ఛ ఇవ్వాలని. నిర్ణయాన్ని స్పీకర్ నుంచి తీసేసి, ఎన్నికల సంఘం సలహాతో రాష్ట్రపతికో గవర్నర్‌కో ఇవ్వాలని కూడా. ముప్పై ఐదేళ్లయింది, రెండూ జరగలేదు.

పాత రిపోర్టర్:

లెక్చరర్ గారూ, మొదటి సగంతో నేను ఏకీభవిస్తాను. రోడ్ల బిల్లుకీ, విశ్వాస పరీక్షకీ ఒకే విప్ ఉండటం సభని మూగబోయేలా చేసింది. నేను గ్యాలరీలో కూర్చుని చూస్తుండగానే చర్చలు చచ్చిపోయాయి. కానీ దారి లేక బయటికి వెళ్తున్నారన్నది మాత్రం అందరికీ వర్తించదు. దారి వెతుక్కున్నవాళ్లని కూడా నేను చూశాను, అది చెప్పి ముగిస్తాను. అమ్మా, ఇది ఇంటర్వ్యూలో ఉదాహరణగా నీకు పనికొస్తుంది, ఎక్కువమంది మహారాష్ట్ర, గోవా చెప్తారు, ఇది చెప్పరు.

2011 డిసెంబర్‌లో కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద టీడీపీ అవిశ్వాసం పెట్టింది. కాంగ్రెస్‌లో జగన్ వర్గం వాళ్లు అప్పటికి ఇంకా కాంగ్రెస్ ఎమ్మెల్యేలే. చర్చ అర్ధరాత్రి దాటింది. ఓటింగుకి గంట మోగింది, తలుపులు వేసేశారు. మన సభలో డివిజన్ అంటే మిషన్ కాదు, తలలు లెక్కపెట్టడం. అనుకూలంగా ఉన్నవాళ్లు లేవాలి, అసెంబ్లీ సిబ్బంది వరసలవారీగా వెళ్లి లెక్కపెడతారు. తర్వాత వ్యతిరేకులు, తర్వాత తటస్థులు. పార్టీ విప్ చేతిలో ఉండగా, అవిశ్వాసానికి అనుకూలంగా లేవమన్నప్పుడు కాంగ్రెస్ బెంచీల్లోంచి పదహారుమంది లేచారు. ఒకాయన ముందు బెంచీని రెండు చేతులతో పట్టుకుని నిలబడటం నాకు పైనుంచి కనబడుతూనే ఉంది. లేస్తే పదవి పోతుందని వాళ్లందరికీ తెలుసు. ప్రభుత్వం 160–122తో నెగ్గింది, అంటే వాళ్లు లేచినా లేవకపోయినా ఫలితం మారేది కాదు.

స్పీకర్ నాదెండ్ల మనోహర్, 1984లో ముఖ్యమంత్రి అయిన భాస్కరరావు గారి అబ్బాయి. మూడు నెలల్లో, 2012 మార్చిలో, ఆ పదహారుమందితో పాటు అదే పని చేసిన ప్రజారాజ్యం సభ్యురాలిని కూడా అనర్హులని ప్రకటించారు. గడువు పెట్టమని ఏ కోర్టూ చెప్పక్కర్లేకపోయింది. జూన్‌లో ఈ పదిహేడు సీట్లకీ, ఖాళీగా ఉన్న తిరుపతికీ కలిపి 18 చోట్ల ఉప ఎన్నికలు జరిగాయి. వైసీపీ 15 గెలిచింది, కాంగ్రెస్ 2, టీఆర్ఎస్ 1.

ఆ వర్గం రాజకీయాలు మంచివా చెడ్డవా అన్నది ఎవరి అభిప్రాయం వాళ్లది. నేను చెప్పేది ఒక్కటే. పార్టీ విడిచారు, వేటు పడింది, కొత్త గుర్తుతో అదే ఓటర్ల ముందుకు మళ్లీ వెళ్లారు. అవిశ్వాసం ఓటు నుంచి ఉప ఎన్నికల దాకా, ఆరు నెలల కాలంలో, ఇదంతా ఇదే చట్టంతో జరిగింది. ఓటరు గారూ, మీ పక్కింటి పెద్దావిడ లాంటివాళ్లకి ఆ నియోజకవర్గాల్లో 2012 జూన్ 12న ఇంకోసారి బూత్‌కి వెళ్లే అవకాశం దొరికింది.

అమ్మా, రాణా కేసు, 2012 ఉప ఎన్నికలు, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. మీ మామయ్యకి కూడా చూపించు, 1997 ఉత్తరప్రదేశ్ సంగతి ఆయనకి బాగా గుర్తుండి ఉంటుంది. ఇంటర్వ్యూ అయ్యాక ఏమడిగారో ఇక్కడ రాయి.